మైకులో సుంకన్న పేరు

మా ఊళ్లో ఈరప్పలు ఇద్దరున్నారు. ఈ సంగతి దేవునికి కూడా బాగా తెలుసు, ఎందుకంటే సువార్తమ్మ చాలాసార్లు చెప్పింది.

“ప్రభువా, ఈరప్పను కనికరించు. నీళ్ల ట్యాంకు కాడుండే ఈరప్ప కాదు తండ్రీ, ఆయప్పకేమి, గట్టిగుండాడు. నేను చెప్పేది రేషనంగడి పక్కిల్లు. షుగరుండాది, నోరు కట్టుకోడు. పెండ్లాము దాచిపెట్టిన బెల్లం మల్లా తినేసినాడు ప్రభువా.”

ఇది తెల్లవారుజామున చర్చి మైకులో వచ్చేది. చర్చి అంటే పెద్ద కట్టడమేమీ కాదు. రేకుల షెడ్డు, ముందర సిమెంటు మెట్లు, పైన ఇనుప కడ్డీకి కట్టిన రెండు మైకు గొట్టాలు. ఒక గొట్టం ఊరి వైపు, ఇంకొకటి బెళుగుప్ప రోడ్డు వైపు. మాది ఎత్తు నేల. అడ్డం వచ్చే చెట్టూ చేమా తక్కువ. గాలి అనుకూలంగా ఉంటే గాలిమరల కొండ కింద గొర్రెలు కాచేవాళ్లకు కూడా ఈరప్ప బెల్లం సంగతి తెలిసిపోయేది.

మా వీధిలో ఆడవాళ్లు కసువు ఊడ్చే వేళ అది. మైకులో చర్చి పాటలు అయ్యేదాకా చీపుర్లు ఆడుతూనే ఉండేవి. సువార్తమ్మ “ప్రభువా, ఈ ఊరిని నీ చేతికి ఇస్తాండా” అని మొదలు పెట్టిందా, చీపుర్లు ఆగిపోయేవి. టీ అంగడి దగ్గర మగవాళ్లు గ్లాసులు పట్టుకుని అట్లే నిలబడిపోయేవాళ్లు. ఈ రోజు ఎవరి పేరు వస్తుందో, ఏ ఇంటి సంగతి బయట పడుతుందో అని. అందరూ హిందువులే. చర్చికి వచ్చే ఇండ్లు పట్టుమని పది కూడా లేవు.

మా ఊరి పాస్టరు దివాకర్ గారిది కోస్తా వైపు. ఒకసారి ఆయన అనంతపురం నుండి వచ్చిన పెద్ద పాస్టర్లను చర్చి మెట్ల మీద నిలబెట్టి మా వీధిని చూపించాడు.

“చూడండి బ్రదర్! ప్రార్థన మొదలవగానే అన్యులు కూడా చేతిలో పని ఆపేసి ఎలా నిలబడిపోయారో! ప్రార్థన చేస్తే సువార్త దానంతట అదే నడుస్తుందని నేను చెబితే మీరు నమ్మలేదు.”

పెద్ద పాస్టర్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ సమయానికి లోపల సువార్తమ్మ, పుల్లన్న కోడలు పుట్టింటికి ఎందుకు పోయిందో దేవునికి వివరంగా చెప్తోంది. జనానికి భక్తి ఉండక ఏమవుతుంది?

పోనుపోను ఊరివాళ్లు కూడా తెలివి నేర్చారు. “సువార్తమ్మా, మా కోడలు పొద్దెక్కిందాకా లేయదు. రవ్వంత ప్రార్థనలో పెట్టమ్మా” అని అత్తలు వచ్చేవాళ్లు. సాయంత్రానికి ఆ కోడలే వచ్చి, “మా యత్త నోటికి గూడా రవ్వంత ప్రార్థన చేయి చిన్నమ్మా” అనేది. పుల్లన్న, వాళ్ల అన్న శ్రీరంగప్ప చేని గట్టు దగ్గర కొట్లాడి మాటలు మానుకున్నవాళ్లు. పుల్లన్న తన అన్నకు ఏదైనా చెప్పాలంటే సువార్తమ్మకు చెప్పేవాడు. “మాయన్న మోటారు కాలిపోయినాదంట. నా బోర్లో నీళ్లు ఇడ్సుకోమని ఆయప్పకు బుద్ధి పుట్టియ్యమను మీ దేవున్ని.” మరునాడు పొద్దున దేవుడు వినేవాడు. శ్రీరంగప్ప కూడా వినేవాడు. మాటలు కలవకపోయినా ఆ గట్టు తగాదా చల్లారింది మైకు వల్లనే అని నేను ఇప్పటికీ అనుకుంటాను. అయితే ఆ అన్నదమ్ముల్లో ఒక్కడు కూడా చర్చి మెట్టెక్కలేదు. ఎక్కే పనేముంది? అన్నీ ఇంటి దగ్గరికే వస్తుంటే.

సువార్తమ్మలో కపటం లేదు. ఆస్పత్రికి పోతే పేరు, ఊరు, రోగం సరిగ్గా చెప్పుకుంటాం కదా, దేవుని దగ్గరా అంతేనని ఆమె లెక్క. ఇల్లు సరిగ్గా చెప్పకపోతే ఒకరికి రావలసిన మేలు ఇంకొకరికి పోతుందని నిజంగా భయపడేది.

ఆమెది కదిరి వైపు. వాళ్ల నాయన పెండ్లయినాక క్రైస్తవంలో కలిసి, కూతురికి సువార్త అని పేరు పెట్టాడు. మేనత్త కొడుకు సుంకన్నకు ఇచ్చి చేశారు. సుంకన్న ఇంట్లో సుంకులమ్మను కొలుస్తారు. మేనరికానికి దేవుళ్లు అడ్డం రాలేదు. పెండ్లిలో తాళి కట్టించింది మా ఊరి పూజారి. ఆ తర్వాత ప్రార్థన చేసింది కదిరి పాస్టరు. రెండింటికీ మైకు పెట్టింది పెండ్లికొడుకే. తాళి కట్టి, పీటల మీది నుండి లేచిపోయి, వైరు సరిచేసి మళ్లీ వచ్చి కూర్చున్నాడని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

సుంకన్న బతుకు ఆ మైకు సెట్టే. సుంకులమ్మ జాతరకు, పీర్ల పండగకు, రాములవారి ఉత్సవానికి, క్రిస్మసుకు అన్నింటికీ ఒకటే సెట్టు. దేవుళ్ల మధ్య తేడా చూపని మనిషి మా ఊళ్లో ఆయన ఒక్కడే. అందరి దగ్గరా బాడిగ సమానంగా తీసుకునేవాడు. చర్చికి మాత్రం పెండ్లాము పోరు పడలేక ఒక పాత సెట్టు ఊరికే ఇచ్చి, తానే పైకెక్కి గొట్టాలు కట్టాడు.

సువార్తమ్మకు ఈ లోకంలో కావలసింది ఒక్కటే. సుంకన్న చర్చిలోకి వచ్చి కూర్చోవాలి. ఇల్లు కట్టాలనో, నగలు చేయించుకోవాలనో ఆమె అడగగా నేను వినలేదు. ఊళ్లో అందరికీ ప్రార్థన చేసే ఆడమనిషికి ఇంట్లో మొగుడే మారలేదనే మాట ఆమె చెవిన పడుతూనే ఉండేది. “ఆయప్ప నాకంటే ముందే చర్చి మీదికి ఎక్కినాడక్కా, లోపలికి మటుకు రాడు” అని నాతో అనేది. వైరు తెగితే వచ్చేవాడు, చెప్పులతోనే గడప దగ్గర నిలబడి ముడివేసి పోయేవాడు.

అందుకని ప్రతిరోజూ చివరి పేరు ఆయనదే. “చివరగా ప్రభువా, నా భర్త సుంకన్న. బీడీలు మానిపించు. మొండితనం తీసెయ్యి. నీ మందిరం గడప దాటించు.”

టీ అంగడిలో ఈరప్ప, ట్యాంకు దగ్గరి గట్టి ఈరప్ప, ఆయనను ఊరికే వదిలేవాడు కాదు.

“ఏం సుంకన్నా, ఈపొద్దు గూడా నీ పేరు మోగినాదే! మొండోడంట నువ్వు.”

“అది ఇడ్సిపెట్టప్పా. సౌండు ఎట్లుండాది? గొర్రుమంటాండాదా?”

“యాడ గొర్రుమనేది, గంట కొట్టినట్లుండాది. మొండోడు అనే మాట నాలుగు వీధులకు ఇనపడినాది.”

“అంతే సాలు” అని సుంకన్న టీ తాగేవాడు. అందరూ నవ్వేవాళ్లు. తన సెట్టు ఎట్లా మోగుతోందో పక్కవాళ్లను ఎందుకు అడుగుతున్నాడో అప్పుడు ఎవరికీ తోచలేదు.

మా ఇల్లు వాళ్ల ఇంటికి ఆనుకునే ఉంటుంది. నడుమ ఒకటే గోడ. మేము చర్చివాళ్లం కాదు. నా కొడుకు నరేంద్ర బళ్లారి రోడ్డులో బండి మీది నుండి పడి చనిపోయినాక నేను గడప దాటింది తక్కువ. అప్పటి నుండి ఊళ్లో ఎవరూ నా ముందు వాడి పేరు ఎత్తరు. నేను బాధపడతానని. మా ఇంటాయన కూడా “వాడు” అంటాడు గానీ పేరు పలకడు. మైకులో మాత్రం రోజూ వచ్చేది. “నరేంద్ర తల్లి ఆంజినమ్మను ఆదుకో ప్రభువా, మా పక్కిల్లే.” అంతే, ఒక్క మాట. దానికోసం నేను కూడా చీపురు ఆపేదాన్ని.

సుంకన్నకు చెవులు పోతున్నాయని మొదట కనిపెట్టింది సువార్తమ్మే. సౌండు పెట్టెల పక్కన నిలబడి నిలబడి వచ్చిన చెవుడు. ఆయన ఎవరికీ చెప్పలేదు. మిషను మీద వెలిగే ఎర్ర లైట్లు చూసి సౌండు పెంచడం, తగ్గించడం చేసేవాడు. ఎవరైనా మాట్లాడితే నోటి వైపు చూసి నవ్వేవాడు. డాక్టరు దగ్గరికి పోదామంటే “గమ్మునుండు” అనేవాడు. ఒకరోజు బెళుగుప్ప నుండి నడిచి వస్తుంటే వెనక ట్రాక్టరు హారను కొట్టినా పక్కకు జరగలేదు. డ్రైవరు ఆయన మడమల దాకా వచ్చి బ్రేకు వేశాడు. కిందికి దిగి బాగా తిట్టాడు. ఆ తిట్లు కూడా సరిగా వినపడలేదు.

ఆ మాట విని సువార్తమ్మకు భయం వేసింది. భయం వేస్తే ఆమె చేసే పని ఒకటే. మరునాడు పొద్దున చేసింది.

“చివరగా ప్రభువా, నా భర్త సుంకన్న. మైకు సెట్టు సుంకన్న. ఎడమ చెవి పూర్తిగా పోయినాది తండ్రీ. కుడి చెవి సగముండాది. ఎవురికీ చెప్పుకోడు. లైట్లు చూసి సౌండు పెడతాడు. యెనకాల ట్రాక్టరొచ్చినా ఇనపడదు. నీకొక్కనికే చెప్పుకుంటాండా ప్రభువా, ఇంగెవురికి చెప్పుకోవల్ల?”

నీకొక్కనికే అనే మాట రెండు గొట్టాల్లోనూ మోగింది. మా వీధి విన్నది, టీ అంగడి విన్నది, బెళుగుప్ప రోడ్డు విన్నది. వినని మనిషి ఒక్కడే. ఇంటి ముందు మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తూ, గొట్టాల వైపు చూసి తల ఊపుతున్నాడు. బాగా మోగుతోందని.

సుంకులమ్మ జాతర దగ్గర పడిన రోజులు అవి. జాతర పెత్తనం ట్యాంకు దగ్గరి ఈరప్పదే. నాలుగు రోజులు పోయినాక సుంకన్న గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. నేను మా ముంగిట్లో శెనక్కాయలు ఒలుచుకుంటున్నాను. ఈరప్ప అదివరకు ఎప్పుడూ లేనంత గట్టిగా మాట్లాడాడు.

“సుంకన్నా, ఈ తూరి జాతరకు బెళుగుప్ప ఓబిలేష్‌ను పిలుస్తాండామప్పా. వానికి డీజే ఉండాదంట.”

“యాలప్పా? పోయిన తూరి ఏం తక్కువైనాది?”

“తక్కువేం లేదు. చెవుడుండేవానికి సెట్టు అప్పజెప్తే యాడ పెంచుతాడో యాడ దించుతాడో అంటాండారు పిల్లోళ్లు.”

“ఎవునికి చెవుడు? ఎవుడు చెప్పినాడు నీకు?”

ఈరప్ప కాస్త వెనక్కి తగ్గాడు. “నీ పెండ్లామే చెప్పినాది. నీ మైకులోనే. ఏమప్పా, నీకు ఇనపడలేదా?”

సుంకన్న వెనక్కి తిరిగాడు. నిచ్చెన భుజాన వేసుకుని చర్చి దగ్గరికి పోయాడు. ఎండలో రేకుల మీదికెక్కి గొట్టాలు విప్పసాగాడు. కలుపు తీసే పని నుండి వచ్చిన సువార్తమ్మ దారిలోనే సంగతి విని, కొడవలి చేతిలో ఉండగానే అక్కడికి పరుగెత్తింది. మేము కొందరం వెనకే పోయాము.

“దిగప్పా! రేకులు కాలుతాండాయి. దిగినాక తిట్టు.”

ఆయన దిగాడు. గొట్టం కింద పెట్టాడు. అందరి ముందరా ఒకే ఒక మాట అన్నాడు.

“నాకు ఇనపడదు, సరే. మీ దేవునికి గూడా ఇనపడదా, గొట్టాలు పెట్టి అరుస్తావు?”

  సుంకన్న సెట్టు మోసుకుని ఇంటికి పోయి అటక మీద పెట్టాడు. ఆ రోజు నుండి పెండ్లాముతో మాటలు మానేశాడు. పెట్టింది తినేవాడు, కడుక్కునేవాడు, బయటికి పోయేవాడు. అసలే వినపడని మనిషి, ఇప్పుడు మాట్లాడని మనిషి కూడా అయ్యాడు.

సువార్తమ్మ మా గోడ పక్కన వచ్చి కూర్చుంది.

“నేను దేవునికి చెప్పినా అక్కా. ఊరికి చెప్పలేదు.”

“మైకులో చెప్పినావు కదమ్మా” అన్నాను.

“మైకు ఎప్పుడూ ఉండేదే కదా.” మళ్లీ తానే అన్నది. “ఊరు ఇంటాదని నేను ఎప్పుడూ అనుకోలేదక్కా. చర్చికి ఎవురూ రారు కదా, ఎవురికీ ఇనాలని లేదనుకొన్యా.”

నాకు నవ్వు వచ్చింది. ఆమె ముఖం చూసి ఆపుకున్నాను.

“ఇంగ ఆయప్ప పేరు ఎత్తను” అన్నది సువార్తమ్మ. “ఎత్తి ఎత్తి ఇంత చేసినా. జాతర పోగొట్టినా. మా యింట్లో మాట పోగొట్టినా. దేవునికి తెలుసు ఆ మనిషి యాడుండాడో. నేను చెప్పే పని లేదు.”

అట్లా, కావలసిన ఒక్కటీ అడగడం మానేసింది.

పాస్టరు గారు మరునాడే వచ్చాడు. “అనంతపురంలో ఒక బ్రదర్‌తో మాట్లాడానమ్మా. కొత్త సెట్టు, పెద్ద బాక్సులు ఇస్తామన్నారు.”

“వద్దయ్యగారూ. ఈయప్పది తప్ప ఇంగొకరి సెట్టు ఆ కడ్డీకి కట్టేది వద్దు.”

“మైకు లేకపోతే సువార్త ఆగిపోతుందమ్మా!”

“ఆగనీండయ్యగారూ, కొన్ని దినాలు.”

పాస్టరు గారు నొచ్చుకున్నాడు. చర్చిలో మోకరించి ఊరి కోసం కన్నీళ్లతో ప్రార్థన చేశాడని చూసినవాళ్లు చెప్పారు.

మైకు పోయిన మొదటి దినాల్లో మా ఊరికి తెల్లవారినట్లే అనిపించలేదు. ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని చర్చి వైపు చూసేవాళ్లు. లోపల సువార్తమ్మ పెదాలు ఆడటం కనిపిస్తోంది, మాట వినపడదు. టీ అంగడి దగ్గర మగవాళ్లకు మాట్లాడుకోవడానికి ఏమీ లేకపోయింది. రేషనంగడి ఈరప్ప పెండ్లాము, “మా యింటాయన బెల్లం సంగతి చెప్తాండాదో లేదో, తిని తిని సచ్చేట్లుండాడు” అని నాతో అన్నది.

మొదట మెట్టెక్కింది పుల్లన్న. అన్నకు ఒక సంగతి చెప్పాల్సి ఉండి, అది సువార్తమ్మ ప్రార్థనలో పడిందో లేదో చూసుకోవడానికి పోయాడు. తమ్ముడు పోవడం చూసి శ్రీరంగప్ప కూడా పోయాడు, తన మీద ఏమి చెప్పిస్తున్నాడో అని. ఒకరు ఈ మూల, ఒకరు ఆ మూల కూర్చున్నారు. ఆ తర్వాత అత్తలు పోయారు. అత్తలు పోయినారని కోడళ్లు పోయారు. మొదట మెట్ల మీద, తర్వాత గడప దగ్గర, తర్వాత చాపల మీద. చాపలు చాలక గోనెసంచులు పరిచారు.

నేను కూడా పోయాను. నా పని నాది. నరేంద్ర పేరు వినక చాలా దినాలైంది. సువార్తమ్మ నన్ను చూసింది. పక్కకు జరిగి చోటిచ్చింది. ఆమె పక్కనే కూర్చుంటే మైకు లేకుండానే వినపడింది.

పాస్టరు గారి సంతోషానికి హద్దు లేదు. ఫోనుతో ఫోటోలు తీసి అనంతపురం పంపాడు. “మైకు తీసేస్తే సాతాను గెలిచాననుకున్నాడు. నేను ఉపవాసం పట్టాను. చూడండి, ఉజ్జీవం! ఊరంతా మేలుకుంది!” అన్నాడు. ఉజ్జీవం వచ్చిన జనమంతా కళ్లు మూసుకుని, చెవులు నిక్కించుకుని కూర్చున్నారు.

ఒకరోజు సుంకన్న మా గుమ్మం ముందుకు వచ్చాడు. నిలబడి, నిలబడి, చివరికి అడిగాడు.

“అక్కా, నువ్వు గూడా పోతాండావు కదా ఆడికి. అది నా గురించి ఏం చెప్తాండాది ఇప్పుడు?”

“ఏమీ చెప్పలేదప్పా.”

“ఆ?”

కుడి చెవి దగ్గరికి పోయి గట్టిగా చెప్పాను. “నీ పేరే ఎత్తలేదు!”

సుంకన్న ముఖం మారిపోయింది. సంతోషపడతాడనుకున్నాను.

“ఎత్తలేదా? అందరి పేర్లూ ఎత్తుతాండాదా?”

“ఎత్తుతాండాది. ట్యాంకు కాడి ఈరప్పను గూడా ఎత్తినాది.”

“ఈరప్పను ఎత్తి నన్ను ఇడ్సిపెట్టినాదా?” ఆయన అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాడు. “ఇన్నేండ్లు పొద్దున్నే మొండోడు మొండోడని ఊరంతా చాటినాది. ఇప్పుడేమి, సచ్చినానా నేను? నువ్వు సరిగా ఇన్న్యావా అక్కా?”

“నువ్వే పోయి ఇనుకో” అన్నాను. విసుగొచ్చి అన్న మాట అది. సువార్త చెప్పాలని కాదు.

మరునాడు పొద్దున సుంకన్న చర్చికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గడప దాటి, వెనక వరుసలో మగవాళ్ల దగ్గర కూర్చున్నాడు. సువార్తమ్మ కళ్లు మూసుకుని ఉంది. కాబట్టి చూడలేదు. ఆమె తప్ప కళ్లు మూసుకున్నవాళ్లు ఆ రోజు ఎవరూ లేరు. జనం గుసగుసలకు ఆమె కళ్లు తెరిచింది. తెరిచి, ఆయనను చూసి, పుల్లన్న ఎద్దుకు చేస్తున్న ప్రార్థన నడుమలోనే ఆగిపోయింది. పుల్లన్న “ఊ, చెప్పమ్మా” అని గుర్తు చేయవలసి వచ్చింది. ఎద్దు అయింది, ఇంకో నాలుగు పేర్లు అయినాయి. సుంకన్న పేరు రాలేదు. ఆమెన్ అనేసింది.

వెనక వరుసలో సుంకన్నకు ఏమీ వినపడలేదు. తన పేరు వచ్చిందో లేదో తెలియలేదు. పక్కవాణ్ణి అడిగితే లేదన్నాడు. నమ్మలేదు. మరునాడు నడుమ వరుసకు వచ్చాడు. ఆ మరునాడు ఇంకా ముందుకు. ఆ ఆదివారానికి అందరికంటే ముందు, సువార్తమ్మకు ఎదురుగా, అరచెయ్యి కుడి చెవి వెనక పెట్టుకుని కూర్చున్నాడు.

పాస్టరు గారు ఇట్లాంటి దినం కోసం ఎన్నేళ్లుగా కాచుకున్నాడో. ఆ ఆదివారం ఆయన సుంకన్న భుజం మీద చెయ్యి వేసి లేపి నిలబెట్టాడు. “సహోదరుడు సుంకన్న ఇప్పుడు తన సాక్ష్యం చెప్తారు! ఎన్నో ఏళ్ల ప్రార్థనకు జవాబు!”

సుంకన్నకు సగం అర్థమైంది. మాట్లాడమంటున్నారని తెలిసింది. చెవుడు వచ్చినప్పటి నుండి ఆయన గొంతు పెద్దది. రేకులు అదిరేటట్లు చెప్పాడు.

“నేను దేవుని కోసం రాలేదప్పా. అబద్ధం యాల చెప్పల్ల? ఇది నా పేరు ఎత్తడం మానేసినాదన్యారు. యాల మానేసినాదో ఇందామని వచ్చినా. ఆడ కూచున్యా, ఇనపడలేదు. ఆడికి జరిగినా, ఇనపడలేదు. ఈడికొచ్చినా. ఈడ గూడా ఏం ఇనపడలేదు. అంతే.”

 పాస్టరు గారు మాత్రం తడబడలేదు. “విన్నారా ప్రియులారా! దేవుడు పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పిలుపు కోసం ఈయన వరుస వరుసా దాటి వచ్చాడు!” అన్నాడు. జనమంతా స్తోత్రం అన్నారు. ఆడవాళ్లు ఏడ్చారు.

“ఏమన్యాడు?” అని సుంకన్న పుల్లన్నను అడిగాడు.

“బాగా చెప్పినావంట. కూచో” అన్నాడు పుల్లన్న.

ఆ సాయంత్రం గోడ అవతల, చాలా దినాల తర్వాత, సుంకన్న గొంతు వినపడింది. వీధంతటికీ వినపడింది.

“మేయ్! నా పేరు యాల ఎత్తవు?”

సువార్తమ్మ ఏదో అన్నది.

“ఆ?”

ఆమె ఆయన చెవి దగ్గరికి పోయి చెప్పినట్లుంది. ఈసారి నాకు కూడా వినపడింది.

“ఎత్తితే ఇని ఇంటికొచ్చేస్తావు!”

సుంకన్న పెద్దగా నవ్వాడు. ఏ మాటకు నవ్వాడో, అసలు సరిగ్గా విన్నాడో లేదో నాకు తెలియదు. అన్నం పెట్టమన్నాడు. నోరు తెరిచి అడిగి అన్నం తిని ఎన్ని దినాలైందో.

జాతర వచ్చింది, పోయింది. ఓబిలేష్ డీజేకు కిటికీలు అదిరాయి, పెద్దమనుషులు దూది పెట్టుకుని తిరిగారు. “చెవులుండేవాడు పెడితే ఇట్లుంటాదా!” అని ఈరప్ప తానే అన్నాడు. వచ్చే ఏటికి సుంకన్ననే పిలవాలని పుల్లన్న అంటున్నాడు. చర్చి కడ్డీ మాత్రం ఖాళీగానే ఉంది. సుంకన్న సెట్టు దించి ఇస్తానన్నా సువార్తమ్మ వద్దంటోంది.

ఇంకో సంగతి నేను పక్కన కూర్చోవడం వల్ల కనిపెట్టాను. ఆమె గొంతు దినదినానికీ తగ్గుతోంది. పాస్టరు గారు “గొంతు పెంచండమ్మా, వెనక వాళ్లకు వినపడాలి” అంటే, “గొంతు నొప్పయ్యగారూ” అంటుంది. అదే మనిషి మధ్యాహ్నం చేనిలో అవతలి గట్టు మీద ఉన్న కూలీలను కేకేసి పిలుస్తుంది.

పోయిన శుక్రవారం పాస్టరు గారు సుంకన్న చెవుల కోసం ఉపవాస ప్రార్థన పెట్టాడు. ఆ చెవులు తెరుచుకుంటే అనంతపురం సభల్లో ఆయనను నిలబెట్టి చూపిస్తాడంట. చర్చి నిండా జనం. అందరూ ఒక్కసారిగా చేతులెత్తి, “చెవులు తెరువు ప్రభువా, రెండు చెవులూ తెరువు” అని అరిచారు. అన్నదమ్ములిద్దరూ అరిచారు. పాస్టరు గారి చొక్కా చెమటకు తడిసిపోయింది.

నా పక్కన సువార్తమ్మ తల వంచుకుని కూర్చుంది. ఆ అరుపుల్లో ఆమె మాట నాకు ఒక్కదానికే వినపడింది.

“ప్రభువా, ఆ సగం చెవి పోనీయొద్దు తండ్రీ. ట్రాక్టరు హారను మటుకు ఇనపడనీ. మిగతాదానికి తొందరేం లేదు. నీకు పనులుంటాయి కదా.”

ముందు వరుసలో సుంకన్న ఆమె పెదాలనే చూస్తున్నాడు. అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, గోనెసంచి ఇంకొంచెం ముందుకు జరుపుకున్నాడు.